చేదుగా ఉంది, నాయనమ్మా!

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి మా ఇంట్లో ఒక గొడవ జరిగింది. గొడవ అనగానే ఆస్తి పంపకాలో, అత్తాకోడళ్ళ వాగ్యుద్ధమో అనుకునేరు! అదేం కాదు. నేనూ మా కోడలూ ఆ రోజు ఒక పక్షమే. అవతలి పక్షంలో ఉన్నది ఎనిమిదేళ్ళ మా మనవరాలు. గొడవంతా పిడికెడు కూర దగ్గర. ఆ కూర పేరు బ్రోకలీ.

మిరపా పత్తీ తప్ప మరో మాట వినపడని సత్తెనపల్లిలో బ్రోకలీ ఏమిటి, నీ మొహం, అంటారు కదూ? నేనూ అలాగే అన్నాను. మా కోడలు రోజూ గుంటూరు వెళ్ళి ఉద్యోగం చేసి వస్తుంది. ఒక సాయంత్రం వస్తూ వస్తూ పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఆకుపచ్చ పువ్వొకటి తెచ్చింది. చూడటానికి కాలీఫ్లవరు పచ్చరంగు పూసుకున్నట్టుంది. పిల్లలకు బలం అంది. పిల్లలు దాన్ని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, చారూ అన్నం తిని లేచిపోయారు. ఆ పువ్వు రెండు రోజులు ఫ్రిజ్‌లో అతిథిలా ఉండి, మూడో రోజు గేదె కుడితిలోకి వెళ్ళింది. గేదె మాత్రం ఏమీ అనలేదు.

అసలు మా ఇంట్లో కూరల సమస్య బ్రోకలీతో మొదలవలేదు. అంతకు ముందు పాలకూర కథ ఒకటుంది. అది చెప్పకపోతే తర్వాతది మీకు అర్థం కాదు.

మా మనవరాలు పాలకూర ముట్టదు. సరే, మనకి తెలివితేటలు తక్కువా? పెసరట్టు పిండిలో పాలకూర మెత్తగా రుబ్బి కలిపేశాను. రంగులో రంగు కలిసిపోయింది. వారం రోజులు లొట్టలేసుకుంటూ తింది. నేనూ మా కోడలూ కళ్ళతోనే మాట్లాడుకుని నవ్వుకునేవాళ్ళం. ఎనిమిదో రోజున ఏమైందంటే, మిక్సీ సరిగా తిరగక ఒక ఆకు ఈనె అట్టులో ఉండిపోయింది. పిల్ల దాన్ని మునివేళ్ళతో పైకి లాగి చూసింది. ఏడవలేదు, అరవలేదు. "ఇన్నాళ్ళూ కూడా ఉందా, నాయనమ్మా?" అంది, అంతే. ఆ తర్వాత దాదాపు నెల్లాళ్ళు పెసరట్టు, దోసె, చివరికి ఇడ్లీ కూడా మధ్యకు విరిచి లోపల చూసుకునిగాని తినేది కాదు. తిన్న పాలకూర ఒంటికి ఎంత పట్టిందో తెలియదుగాని, ఆ విరిచి చూడటం నాకు బాగా పట్టింది. నా చేతి ముద్దను అనుమానంగా చూసిన వాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు.

అందుకని మా కోడలు కొత్త పథకం చెప్పినప్పుడు నేను ఎగిరి గంతేశాను. "పిల్లల చేతే పెంచనివ్వాలి, వాళ్ళనే ఎంచుకోనివ్వాలి, వాళ్ళ చేతే వండించాలి అత్తయ్యా. అప్పుడు మనం తినమనక్కర్లేదు, వాళ్ళే తింటారు," అంది. దొంగతనంగా రుబ్బి కలపటం కన్నా ఇది ఎంతో మర్యాదగా ఉందనిపించింది నాకు.

దసరా సెలవుల్లో మూడు విత్తనాల పొట్లాలు తెప్పించింది. కాలీఫ్లవరు, నూల్‌కోల్, బ్రోకలీ. "నీ ఇష్టమొచ్చింది ఎంచుకో," అని మనవరాలి ముందు పరిచింది. పొట్లం మీద బొమ్మ బుల్లి చెట్టులా ఉందని అది బ్రోకలీయే ఎంచుకుంది. ఆ బొమ్మలో దానికి కూర కనపడలేదు, చెట్టే కనపడింది. ఈ తేడా మేమప్పుడు గమనించలేదు.

ఇక్కడొక తమాషా చెప్పాలి. ఆ మూడు కూరలూ, వాటితోపాటు క్యాబేజీ కూడా, నిజానికి ఒకే జాతి మొక్కట. ఎక్కడో మధ్యధరా సముద్రపు గట్ల మీద పెరిగిన ఒక అడవి మొక్కను మనుషులు తరతరాలుగా ఏరుకుంటూ వచ్చి, ఆకులు నచ్చినవాళ్ళు క్యాబేజీ చేసుకున్నారు, కాండం నచ్చినవాళ్ళు నూల్‌కోల్ చేసుకున్నారు, మొగ్గలు నచ్చినవాళ్ళు కాలీఫ్లవరూ బ్రోకలీ చేసుకున్నారు. అంటే మా పిల్ల ముందు మేం పరిచిన మూడు పొట్లాలూ ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళన్నమాట. ఏది ఎంచుకున్నా మాకు కావలసిందే!

నాకు వెంటనే మావాడి అన్నప్రాశన గుర్తొచ్చింది. మన ఇళ్ళల్లో బిడ్డకు తొలి ముద్ద పెట్టాక ఎదురుగా పుస్తకం, కలం, బంగారం, కత్తి, పువ్వు పెట్టి, దేని మీదికి పాకితే ఆ యోగం పడుతుందని చూస్తాం కదా. ఎంత ప్రజాస్వామ్యమో చూడండి, ఆరు నెలల బిడ్డకు తన జీవితం తను ఎంచుకునే హక్కు! కాకపోతే ఆ రోజు నేను ఎవరూ చూడకుండా పుస్తకాన్ని జానెడు ముందుకు జరిపాను. మా అత్తగారు గొలుసును మూరెడు జరిపింది. మావాడు రెండూ దాటుకుని వెళ్ళి కత్తి పట్టుకున్నాడు. ఇప్పుడు ఆఫీసులో లెక్కలు రాసుకుంటాడు, పెన్సిలు చెక్కటానికి తప్ప ఏనాడూ కత్తి పట్టింది లేదు.

పిల్లల ఎంపికలో పెద్దల చెయ్యి ఎప్పుడూ ఉంటుంది. ఉండటం తప్పా అంటే, తప్పని నేను అనను. షికాగోలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరమ్మ పూర్వం ఒక పరీక్ష చేసింది. అప్పుడప్పుడే పాలు మాన్పించిన పదిహేను మంది పసివాళ్ళ ముందు ముప్పైకి పైగా పదార్థాలు వేరు వేరు గిన్నెల్లో పెట్టించింది. తినమని ఎవరూ బతిమాలకూడదు. పిల్ల చెయ్యి చాపితేనే చెంచా అందించాలి. పిల్లలు తోచింది తోచినంత తిన్నారు, ఒక పూట ఒకటే, మరో పూట మరొకటి. అందరూ బాగా పెరిగారు. ఎముకల జబ్బుతో వచ్చిన ఒక పసివాడు అంత నీచువాసన వేసే కాడ్‌లివర్ నూనె కూడా తనంతట తనే తాగి, జబ్బు తగ్గాక మానేశాడట! 1928లో ఈ సంగతులు మొదటిసారి అచ్చయ్యాక, చూశారా, పిల్లలకు అంతా తెలుసు, వాళ్ళ మానాన వాళ్ళను వదిలెయ్యండి అన్నారు చాలామంది. డేవిసమ్మ మాత్రం 1939లో అసలు కిటుకు బయటపెట్టింది. కిటుకంతా గిన్నెల్లో ఉందంది. ఆ ముప్పై చిల్లరలో పంచదార లేదు, మిఠాయి లేదు, మరపట్టి పొట్టు తీసిన పిండి లేదు. ఏ గిన్నెలు పెట్టాలన్నది పెద్దల పని, ఏ గిన్నెలోంచి ఎంత అన్నది పిల్లల పని. నాకిది ఎంతో నచ్చింది. ఆవిడ పుస్తకాన్ని ముందుకు జరిపిందిగాని, జరిపినట్టు చెప్పింది కూడా. నేను చెప్పలేదు, అదీ తేడా.

సరే, మా పెరటికి వస్తాను. పొట్లం విప్పగానే మనవరాలు, "ఇవి ఆవాలేగా!" అంది. నిజంగానే ఆవాల్లా ఉన్నాయి, కుటుంబం కూడా ఆవాల కుటుంబమే. మా నేల నల్లరేగడి. పత్తికి బంగారంగాని కుండీల్లో పోస్తే తడికి బంక, ఎండకు బీటలు. ఇసుకా పశువుల ఎరువూ కలిపి పెయింటు బక్కెట్లకు అడుగున బెజ్జాలు వేసి నింపాం. నారు పోసిన నాలుగో రోజుకే మొలకలొచ్చాయి. నెల దాటాక ఆరు మొక్కలు ఆరు బక్కెట్లలో నాటింది. ఆ తర్వాత మొదలైంది ఆకుపచ్చ పురుగుల దండయాత్ర. ఆకు రంగులోనే ఉంటాయి, కంటికి ఆనవు. అది బడికి వెళ్ళేముందు పది నిమిషాలు, వచ్చాక పది నిమిషాలు ఆకులు తిరగేసి చీపురుపుల్లతో పురుగులు ఏరేది. మందు కొడదామని వాళ్ళ నాన్న అంటే "వద్దు, మనం తినేది గదా," అంది. ఆ మాట విని నేనూ మా కోడలూ మళ్ళీ కళ్ళతో నవ్వుకున్నాం. పథకం పారుతోందని! వేపనూనె నీళ్ళలో కలిపి చల్లాం.

బ్రోకలీకి చలి కావాలి. మా ఊళ్ళో చలి అంటే కార్తీకంలో వస్తానని చెప్పి, పుష్యంలో వచ్చి, శివరాత్రికి ముందే చెప్పకుండా వెళ్ళిపోయే చుట్టం. ఆరింట్లో మూడు మొక్కలు పురుగులకూ ఎండకూ పోయాయి. మిగిలిన మూడింటిలో రెండు, సంక్రాంతి ముగ్గుల రోజుల్లో, నడిమధ్యన బొటనవేలంత పచ్చటి బొడిపె వేశాయి. మూడోదానికి కూడా వేసిందిగాని అది ఆగలేదు. గట్టి పువ్వు కట్టకుండానే విడిపోయి మొగ్గలు సాగటం మొదలుపెట్టింది. మనం తినేది విచ్చుకోని మొగ్గల గుత్తి. కొయ్యకుండా ఊరుకుంటే విచ్చుకుని పూస్తుంది, అంతే సంగతి.

పండగ వెళ్ళాక ఆదివారం రెండు పువ్వులూ కోశాం. రెండూ కలిపి నా రెండు గుప్పిళ్ళంత. మనవరాలే కడిగింది, ఉప్పునీళ్ళలో వేసింది, తుంచింది. ఎలా వండాలో కూడా తనే చెప్పాలిగా, "వేపుడు, కారప్పొడి, వెల్లుల్లిపాయలు" అంది. గుంటూరు సీమ బిడ్డ ఇంకేమంటుంది! పొయ్యి దగ్గర నేను నుంచున్నాను. ఎక్కువసేపు ఉడకనిస్తే గంధకం వాసన వస్తుందని మా కోడలు హెచ్చరించింది. దింపాక ఎవరికీ పెట్టకుండా ముందు తన కంచంలో వేసుకుంది. అందరం చుట్టూ కూర్చుని దాని నోటి వంకే చూస్తున్నాం. నాలుగు నెలల పథకానికి ఫలితాలు వెలువడే క్షణం!

నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలి, మింగింది. కంచం కొంచెం ముందుకు తోసి, "చేదుగా ఉంది, నాయనమ్మా," అంది.

"చేదేం కాదు, తిను," అన్నాను. అంత వేగంగా ఎలా వచ్చిందో నాకే తెలియదు, నేనింకా రుచైనా చూడలేదు.

"చేదుగానే ఉంది."

"నువ్వేగా పెంచావు? నువ్వేగా ఎంచుకున్నావు? నువ్వేగా వండావు?" మా కోడలు అందుకుంది.

అప్పుడది అన్న మాట ఉందే, దాని కోసమే ఇదంతా రాస్తున్నాను. ఎంతో నెమ్మదిగా, తప్పు చేసినదానిలా కాకుండా లెక్క సరిచూసుకునే దానిలా, "పెంచితే తినాలని ముందు చెప్పలేదుగా?" అంది.

నిజమే. చెప్పలేదు. చెబితే పథకమెలా అవుతుంది?

ఇంతలో ఐదేళ్ళ మా మనవడు, ఒక్క పురుగు ఏరనివాడు, ఒక్క చెంబు నీళ్ళు పొయ్యనివాడు, అక్క కంచంలోంచి తీసుకుని గబగబా నాలుగు ముక్కలు తిని, "బాగుంది, ఇంకా ఉందా?" అన్నాడు. ఏ పథకానికైనా ఇంతకన్నా అవమానం ఉంటుందా చెప్పండి!

ఆ సాయంత్రం మా ఇంట్లో పనిచేసే మనిషికి ఈ కథంతా చెప్పాను. ఆమె మిరపకాయ కోతల కాలంలో పొలాలకు పోతుంది, మిగతా రోజుల్లో మా వీధిలో మూడిళ్ళు చూసుకుంటుంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. అంట్లు తోముతూనే అంది: "పిల్లలు వద్దంటే తీసేసి ఇంకోటి పెట్టగలిగినోళ్ళకే ఇయ్యన్నీ అమ్మగారూ. మా ఇంట్లో వద్దంటే ఇంక రాత్తిరి దాకా వద్దనే."

ఆ మాటతో నేను ఎక్కడికో వెళ్ళిపోయాను, మా అమ్మ దగ్గరికి. మేం ఏడుగురం. 1967లో సాగరు కాలవలకు నీళ్ళు వదిలేదాకా మా ఊళ్ళో పంటలన్నీ వాన మీదే. ఎండాకాలం వస్తే కూరగాయ అనేది కంటికి కనపడటమే గొప్ప. దొడ్లో కాకర పాదు ఒకటి ఎలాగో బతికేది. రోజూ కాకరకాయే. నేను తిననని మొండికేస్తే అమ్మ, "తినందే లేవటానికి లేదు," అనేది. కన్నీళ్ళూ కాకరకాయా కలిపి మింగిన పూటలు నాకు బాగా గుర్తు. చాలా ఏళ్ళు అమ్మది కఠినహృదయం అనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, ఆవిడ దగ్గర రెండో కూర లేదు, అంతే. లేనిదాన్ని ఎలా ఎంచుకోమంటుంది? ఒకటి మాత్రం చెప్పాలి, అమ్మ ఎన్నడూ "చేదేం కాదు" అనలేదు. "చేదే తల్లీ, అయినా తినాలి," అనేది. మా అమ్మ బలవంతపెట్టిందిగాని, అబద్ధం ఆడలేదు. నేను బలవంతపెట్టకుండా, ఇంత ముచ్చటగా, అబద్ధమాడాను.

ఇప్పుడు నాకు కాకరకాయంటే ప్రాణం. అదిగో, బలవంతం ఫలించిందిగా అంటారా? నా పక్కనే కూర్చుని అదే కాకరకాయ అదే కన్నీళ్ళతో తిన్న మా తమ్ముడు ఇవాళ్టికీ కాకరకాయ ఉన్న పంక్తిలో కూర్చోడు. ఇద్దరిలో ఎవరిని సాక్ష్యానికి పిలవమంటారు? అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్, మొదటి బుష్ లెండి, 1990లో పత్రికల వాళ్ళ ముందు ఇదే మొర పెట్టుకున్నాడు. చిన్నప్పుడు అమ్మ బలవంతాన తినిపించేది, ఇప్పుడు దేశాధ్యక్షుణ్ణయ్యాను, ఇంక బ్రోకలీ తినేది లేదు పొమ్మన్నాడు. కోపమొచ్చిన రైతులు లారీలతో బ్రోకలీ రాజధానికి పంపించారట. అధ్యక్ష పదవి వచ్చేదాకా వద్దనటానికి ఆగాల్సి వచ్చిందంటే, ఆ అమ్మ గట్టిపిండమే.

అసలు చేదు ఉందా లేదా? నేను తర్వాత రుచి చూశాను. నా నాలుకకు చేదు లేదు, కాస్త కాలీఫ్లవరు కాడలాగా ఉంది. మరి అది అబద్ధమాడిందా? 1931లో అమెరికాలో ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఏదో తెల్లటి పొడి తయారుచేస్తుంటే కొంచెం గాలికి లేచింది. పక్కనున్నతను అబ్బా, ఎంత చేదు అన్నాడు. ఈయన నోట్లో వేసుకున్నా ఏమీ తెలియలేదు. ఇద్దరూ వాదించుకుని, ఊళ్ళోవాళ్ళ నాలుకల మీద వేసి చూస్తే, కొందరికి పరమ చేదు, కొందరికి సున్న. అది పుట్టుకతో, తల్లిదండ్రుల నుంచి వచ్చే తేడా అని తర్వాత తేలింది. 2003లో దానికి కారణమైన జన్యువును కూడా పట్టుకున్నారు. క్యాబేజీ, బ్రోకలీ కుటుంబంలో ఉండే కొన్ని పదార్థాలు ఆ తెల్లపొడికి దగ్గర చుట్టాలు. అంటే ఒకే కంచంలోని ఒకే ముక్క అక్కకు చేదు, తమ్ముడికి తీపి కావచ్చు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

చదివి పుస్తకం మూసేశాక చాలాసేపు ఊరికే కూర్చున్నాను. "చేదేం కాదు" అని ఎంత తేలిగ్గా అనేశాను! నీ నాలుక నీకు చెప్పింది నమ్మకు, నా నాలుక చెప్పింది నమ్ము అని దానర్థం. ఆడపిల్లకు ఈ పాఠం మనం ఎన్నిసార్లు చెబుతాం? కూర దగ్గర మొదలుపెడతాం. తర్వాత, నొప్పేం కాదు, బడికి పో. ఆయనేదో వేళాకోళానికన్నాడు, అందులో తప్పేం లేదు. మీ అత్తగారు కొంచెం నోరు పెద్దదంతే, మనసు మంచిది, సర్దుకో. చివరికి ఏది చేదో ఏది తీపో తనకే తెలియని మనిషి తయారవుతుంది. అప్పుడు దాన్ని ఓర్పు అని మెచ్చుకుంటాం.

నా పెళ్ళిచూపులు చెబుతాను. మావాళ్ళు కట్నకానుకలు మాట్లాడుకున్నారు, ముహూర్తానికి పంచాంగం తెరిచారు, తాంబూలాల పళ్ళెం సర్దారు. అప్పుడు మా నాన్న లోపలికి వచ్చి, ఎంతో ప్రేమగా తల మీద చెయ్యి వేసి, "నీకిష్టమేనా అమ్మా?" అని అడిగాడు. ఆ పళ్ళెంలోని వక్కల్ని చూస్తూ నేను తల ఊపాను. అడిగాడు గనక మా నాన్న ఆ రోజుల్లో ఆధునికుడికిందే లెక్క. ఆయనకు ఆ ప్రశ్నలో మోసముందని తెలియదు. ఎవరిదీ మోసం కాదు. కాకపోతే వద్దు అనే మాటకు ఆ గదిలో నిలబడటానికి చోటు లేదు. (మా వారు మంచివారే, అది నా అదృష్టం, వారు ఇది చదివి కంగారు పడనక్కర్లేదు.) మా మనవరాలి ముందు మూడు పొట్లాలు పరిచినప్పుడు నేను మా నాన్నలాగే ప్రేమగా ఉన్నాను. తాంబూలాలు ముందే సర్దుకుని ఉన్నాను.

మరైతే పిల్లలకు కొత్త రుచులు నేర్పటం ఎలా, అలా వదిలెయ్యటమేనా అని మీరు అడగవచ్చు. మా కోడలూ అడిగింది. నా దగ్గర జవాబు లేదుగాని, ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని గనక ఒక సంగతి చూస్తూ వచ్చాను. బ్రోకలీ చేదు ఏపాటి? మిరపకాయ ముందు అదొక కూరే కాదు. మిరపకాయది రుచి కూడా కాదు, ఒట్టి మంట. అదీ మనది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో తద్దినం వంటకు మిరపకాయ పనికిరాదు, మిరియాలే వాడాలి, పితృదేవతలు దాన్ని ఎరుగరు గనక! అలాంటి పరాయి మంటను మా ఊళ్ళో ప్రతి పిల్లా నేర్చుకుంటుంది. ఏ తల్లీ పథకం వెయ్యదు. పైగా వద్దంటుంది. "నీకొద్దమ్మా, కారం," అని చెయ్యి అడ్డం పెడుతుంది. కొత్తావకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి, నెయ్యి పోసి ముద్దలు చేసే రోజున పిల్లలు వరసలో నుంచుంటారు. ముక్కూ కళ్ళూ కారుతుంటాయి, నీళ్ళు తాగుతారు, మళ్ళీ చెయ్యి చాపుతారు.

పాల్ రోజిన్ అనే ఆయన మెక్సికోలో మిరప తినే ఒక పల్లెకు పోయి ఇదే చూసి 1980లో రాశాడు. అక్కడా తల్లులు పిల్లలకు కారం బలవంతాన పెట్టరట. పెద్దలు తింటుంటే పక్కన కూర్చుని కూర్చుని పిల్లలే మొదలుపెడతారు. ఇంకా విచిత్రం, ఆ ఊరి కుక్కలూ పందులూ పుట్టింది మొదలు ఆ కారపు మిగుళ్ళే తింటాయి. అయినా, రెండూ పెట్టి ఎంచుకోమంటే కారం లేని దాని దగ్గరికే పోతాయి. ఎన్నేళ్ళు తిన్నా వాటికి ఇష్టం పుట్టలేదన్నమాట. పెట్టగా పెట్టగా అలవాటవుతుందనే మన సామెతలాంటి నమ్మకానికి ఆ పందులు అడ్డొస్తున్నాయి. పిల్లలకు ఇష్టం పుట్టించింది మిరపకాయ కాదు, ఆ పంక్తి. తమను లోపలికి లాగకుండా, బయటికీ తొయ్యకుండా, పక్కన ఇంత చోటిచ్చిన పంక్తి.

మా పంక్తి చూడండి మరి. పిల్లకు బ్రోకలీ పెట్టి చుట్టూ కూర్చున్న మా నలుగురు పెద్దల కంచాల్లో ఆ రోజు ఏముంది? గోంగూర పప్పు, వంకాయ కూర. ఒక్కరి కంచంలోనూ బ్రోకలీ లేదు!

ఆ రాత్రి పడుకోబోయే ముందు మనవరాలిని పిలిచి చెప్పాను. "నువ్వు తినాలనే అదంతా చేశాం. ముందే చెప్పాల్సింది. నీకు చేదు అంటే చేదే," అన్నాను. నాయనమ్మలు క్షమాపణ చెప్పటం దానికి అలవాటు లేదు, కాస్త బెదిరినట్టు చూసింది. తర్వాత, "పెసరట్లో కూడా?" అంది. "పెసరట్లో కూడా," అన్నాను. మా కోడలు మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు. "మీరలా అంటే ఇంక ఏదీ తినదు అత్తయ్యా," అంటుంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. పిల్లల రక్తపరీక్ష కాగితాలు చదివేది ఆమె, నేను కాదు. మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఏ కూరలు వండాలో మేం చెబుతాం, దాచకుండా చెబుతాం. కంచంలో రెండు కూరలుంటాయి. మేం తిననిది వాళ్ళకు పెట్టం. ఈ చివరిది ఒప్పుకున్నందుకు ఆనపకాయ అంటే పడని మా వారు నా మీద ఇంకా కోపంగా ఉన్నారు.

ఆ తర్వాత ఒకరోజు బ్రోకలీ కాడలు చెక్కు తీసి, ఎండుమిరపకాయలూ నువ్వులూ వేయించి పచ్చడి నూరాను. పెద్దవాళ్ళం తిన్నాం. బాగానే ఉంది. మనవరాలిని ఎవరూ అడగలేదు.

మూడో మొక్క, గట్టి పువ్వు కట్టకుండా సాగిపోయిందే, దాన్ని పీకేద్దామని మావాడు అన్నాడు. మనవరాలు ఒప్పుకోలేదు. ఫిబ్రవరి మొదట్లో, మా వీధి చివర కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో, అది విరగబూసింది. నాలుగేసి రేకుల పసుప్పచ్చటి పూలు, అచ్చం ఆవపూలే. తేనెటీగలు కూడా వచ్చాయి. పిల్ల బడి నుంచి రాగానే సంచీ అరుగు మీద పడేసి ముందు దాని దగ్గరికే పోతుంది. నిన్న కిటికీలోంచి చూస్తున్నాను. ఎవరూ చూడటం లేదనుకుని ఒక చిన్న మొగ్గ తుంచి నోట్లో వేసుకుంది. మొహం ముడిచింది. తల తిప్పేసరికి నేను కనపడ్డాను.

"ఇంకా చేదుగానే ఉంది నాయనమ్మా," అని చెప్పి, ఆడుకోవటానికి పోయింది.